పెద్దబండ మలుపు దాకా

"మేడమ్, బండి ఎనకాల ఎవులో కూకున్నట్టుంటాది," అన్నాడు గాసిరాం ఫోన్లో. "తిరిగి సూస్తే ఎవులూ నేరు. సీటు కాళీ. కానీ బరువు తెలుస్తాది."

ధరణికి నవ్వు రాలేదు. వంతల గాసిరాం కొండదారుల్లో రోగుల్ని మోసే బైకు అంబులెన్సు నడుపుతాడు. దయ్యాల కబుర్లు చెప్పే మనిషి కాదు. ఆ బండి వెనక షాక్ అబ్జార్బర్‌లో ఉన్న బేరింగులు, విశాఖపట్నంలోని పరిశోధనశాలలో ధరణి చేతుల మీదుగా పుట్టినవి.

"చప్పుడేమైనా వస్తోందా?" అని అడిగింది.

"వత్తాది. ఎనక సెక్రం ఎత్తి వదిలితే టక్కుమంటాది. సీలు కాడ తుప్పునీళ్ళు కారతన్నాయి."

"అయితే అరిగిపోయాయి. కొత్తవి పట్టుకుని నేనే వస్తాను."

"రండి," అన్నాడు. "మార్సీ ముందు ఒకపాలి మీరే నడిపి సూడండి మేడమ్" అన్నాడు.

ఆ బేరింగుల్ని మొదటిసారి పరిశోధనశాల పెద్దలకు చూపించిన రోజున ధరణి ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. బండి వెనక సీటు మీద అంచుదాకా నీళ్ళు పోసిన స్టీలు గ్లాసు పెట్టి, గుంతలు తవ్వించిన బాట మీద తిప్పించింది. మొదటి చుట్టులో గ్లాసు ఎగిరి అవతల పడింది. తరవాతి చుట్టుల్లో ఒలికే నీళ్ళు తగ్గుతూ వచ్చాయి. చివరికి గుంత మీదికి చక్రం వెళ్ళకముందే బండి వెనకభాగం మెత్తబడి, గుంత దాటగానే బిగుసుకుంది. గ్లాసులో నీళ్ళు ఊరికే ఓ మారు వణికి ఊరుకున్నాయి.

"దానికి దారి తెలిసిపోయింది," అంది ధరణి. "బండెద్దు ఇంటిదారి మరిచిపోదు కదా, అలాగే."

షాక్ అబ్జార్బర్‌కు పైన ఒక కన్ను, కింద ఒక కన్ను, అంటే బోల్టు దూరే గుండ్రటి రంధ్రాలు, ఉంటాయి. ఒకటి చట్రానికి, ఒకటి చక్రం మోసే చెయ్యికి బిగుస్తాయి. ఆ కళ్ళలో తిరిగే బేరింగుల లోహానికి ఆమె గుర్తుపెట్టుకోవడం నేర్పింది. పదేపదే ఒకే వరసలో తగిలిన కుదుపుల్ని అది లోపల దాచుకుంటుంది. ఆ వరస మళ్ళీ మొదలయిందని పసిగట్టగానే, రాబోయే కుదుపుకు ముందే తన బిగువు మార్చుకుంటుంది. అంతకుముందు కొండల మీంచి పురిటినొప్పులతో వచ్చే ఆడవాళ్ళు ఆ బైకుల మీద నరకం చూసేవాళ్ళు. ఇవి వచ్చాక, దారి నేర్చిన బండి మీద మగతగా నిద్రపోయినవాళ్ళు కూడా ఉన్నారని గాసిరాం చెప్పినప్పుడు ధరణి ఆ పూటంతా తనలో తాను నవ్వుకుంటూనే ఉంది.

ఆమె కొండెక్కేసరికి మంచు విడిచి ఎండ పడుతోంది. ఆస్పత్రి వెనక రేకుల షెడ్డులో బండి ఉంది. వెనక సీటు ఉండాల్సిన చోట నడుం వాల్చడానికి వీలుగా ఒక పడక కుర్చీ బిగించి ఉంది. ధరణి దాన్ని స్టాండెక్కించి, వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని పైకి ఎత్తి వదిలింది. టక్. మళ్ళీ ఎత్తింది. టక్. షాక్ కింది కన్నులో బేరింగు వదులై ఆడుతోంది. దాన్ని కప్పే రబ్బరు సీలు చిరిగి ఉంది. వేలితో తుడిస్తే ఎర్రటి తడి అంటుకుంది.

"చింతగెడ్డ కాడినుంచి రండి," అన్నాడు గాసిరాం. "కాళీ బండి. మెల్లిగా."

చింతగెడ్డ ఆ దారికి చివరి ఊరు. అక్కడికి ఇద్దరూ కలిసి వెళ్ళారు. గాసిరాం అక్కడే దిగిపోయాడు. ధరణి ఒంటరిగా బండి తిప్పుకుని బయల్దేరింది.

వాగు దాటేదాకా ఏమీ లేదు. దాటాక, బండి వెనకభాగం మెత్తగా కిందికి దిగింది. ఎవరో జాగ్రత్తగా వచ్చి వాలినట్టుగా ఉంది. ధరణి చప్పున వెనక్కి చూసింది. పడక కుర్చీ మీద ఎండ తప్ప ఏమీ లేదు. వదులైన బేరింగు చేసే పనే ఇది అనుకుంది. అలా అనుకుంటుండగానే ఆమె కూర్చున్న సీటు కింద చిన్న అదురు మొదలయింది. గుంత వల్ల వచ్చేది కాదు. ఇంజను వల్ల వచ్చేదీ కాదు. రెండు మెత్తటి దెబ్బలు, కొంచెం ఎడం, ఒక దెబ్బ. మళ్ళీ రెండు, మళ్ళీ ఒకటి.

ఆమె ఎడమచెయ్యి వెనక్కి చాచి ఖాళీ కుర్చీ మీద అరచెయ్యి ఆనించింది. ఆ లెక్క ఆమె చేతికి తెలుసు. తన కూతురు పసిదిగా ఉన్నప్పుడు, ఒక చేత్తో కాగితాలు తిరగేస్తూ ఇంకో చేత్తో గంటలకొద్దీ అదే పని చేసింది. అది జోకొట్టడం.

దారి పొడుగునా ఆ దెబ్బలు పడుతూనే ఉన్నాయి. గుంత వచ్చినప్పుడు తడబడి, మళ్ళీ అందుకున్నాయి. రానురాను వాటి మధ్య ఎడం పెరిగింది. బలం తగ్గింది. ఒక పెద్ద రాతిబండను చుట్టి దారి లోయవైపు తిరిగే మలుపు దగ్గర ఒక దెబ్బ పడింది. ఆమె తరవాతి దెబ్బ కోసం ఎదురుచూసింది. అది పడలేదు. వెనక చక్రం మాత్రం ఉన్నట్టుండి లోయవైపు జారింది. ధరణి కాళ్ళు రెండూ నేలకు తన్ని, బండిని అంచుకు జానెడు ఇవతల నిలబెట్టింది.

గాసిరాం ఎవరి బండి మీదో వెనకాలే వచ్చాడు. ఆమె బండరాయికి జారగిలబడి కూచుని ఉంది.

"ఎవరు?" అని అడిగింది.

"కిల్లో జమున. చింతగెడ్డ కోడలు. డొంబు అని ఒక కుర్రోడు, ఆడి పెళ్ళాం." అతను ఆమెకు కొంచెం దూరంలో గొంతుక్కూచున్నాడు. "వానల్లో ఇంటికాడే పురుడయింది. పిల్ల బాగానే పుట్టింది. తల్లికి నెత్తురు ఆగనేదు. నాను ఎల్లేసరికి ముఖం పాలిపోయింది. పిల్లని ఎవులికైనా ఇయ్యమ్మా అంటే ఇయ్యనేదు. ఒళ్ళోనే ఎట్టుకుని ఎక్కింది. వాగు పొంగుంది. సెక్రం మునిగేదాకా నీళ్ళలోంచే తెచ్చేను. డొంబు ఎనకాల పరిగెట్టుకుంటా వత్తన్నాడు. బండి మీద ఇంకో మడిసికి సోటు నేదు గదా."

"ఇక్కడిదాకా..."

"ఇక్కడిదాకా పిల్లని జోకొడతానే ఉంది. నా నడుముకి తగిలేది ఆ సెయ్యి. ఇక్కడ పిల్ల ఏడ్సింది. నాను తిరిగి సూసేను." అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "పిల్లని నా గుండెకి కట్టుకుని ఆస్పత్రికి తెచ్చేసేను."

ధరణికి జరిగింది అర్థమయింది. వాగు నీళ్ళు సీలు దాటి లోపలికి పోయాయి. గ్రీజు కొట్టుకుపోయింది. గ్రీజు లేని లోహం రాపిడికి కాలింది. కాలిన లోహం మెత్తబడి ఉండగా, నెమ్మదిగా నడిచే బండి మీద ఒక చెయ్యి అదే పనిగా, అదే లెక్కలో తట్టింది. ఎన్నోసార్లు తిరిగితే తప్ప నేర్చుకోని లోహం ఆ రోజు ఒక్క ప్రయాణంలో నేర్చేసుకుంది. బేరింగును పాడుచేసిందీ, జమునను అందులో నిలిపిందీ ఒకే గాయం.

"రోడ్డు మాత్రమే నేర్చుకుంటుందనుకున్నాను," అంది తనలో తాను అనుకుంటున్నట్టు. "మోసేవాళ్ళని కూడా నేర్చుకుంటుందని అనుకోలేదు."

"ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది మేడమ్. కడుపుతో ఉన్నోల్లు ఈ బండి ఎక్కరు. సచ్చిపోయినామె ఒళ్ళో కూకోవాలా అంటారు. మొన్న సెల్లమ్మని డోలీలో మోసుకొచ్చేరు. సగం దారిలోనే బిడ్డ పోయింది."

ఆమె షెడ్డుకు తిరిగొచ్చి విశాఖకు ఫోన్ చేసింది. పరిశోధనశాల పెద్ద త్రివిక్రమరావు అంతా విన్నారు.

"ధరణీ, దాన్ని విప్పకు. షాక్ మొత్తం ఉన్నదున్నట్టు ఊడదీసి పెట్టెలో పెట్టి పంపించు. ఒక మనిషి చేతి స్పర్శని లోహం పట్టుకుందంటే! నువ్వేం చేశావో నీకు తెలుస్తోందా?"

"తెలుస్తోంది సార్. కానీ నా దగ్గర బేరింగులే ఉన్నాయి, వేరే షాక్ లేదు. ఇది పంపిస్తే మళ్ళీ ఒకటి తయారయి వచ్చేదాకా బండి నిలిచిపోతుంది. ఈ కొండకి ఉన్నది ఇదొక్కటే."

"నెల పడుతుందేమో. నెలే కదా."

"ఈ నెలలోనే పురుడొచ్చేవాళ్ళున్నారు సార్."

"నేనూ మనిషినేనమ్మా," అన్నారాయన. కోపంగా అనలేదు. "కానీ ఇలాంటిది మళ్ళీ దొరకదు. పోయినవాళ్ళ చెయ్యి అది. రేపు ఇది ఎంతమందికి ఓదార్పవుతుందో ఆలోచించు."

ఆ మాట ధరణిని పట్టుకుంది. అబద్ధం చెప్పడం ఎందుకు, ఆమెకూ ఆశ పుట్టింది. దాన్ని విశాఖ తీసుకెళ్ళి, బల్ల మీద బిగించి, ఆ చేతిని మళ్ళీ మళ్ళీ వినాలనిపించింది. ఫోన్ పెట్టేసి పనిముట్ల సంచి ముందు కూచుంది గానీ, దాన్ని తెరవలేదు.

అప్పుడే షెడ్డు గుమ్మంలోకి ఒక పొడుగాటి కుర్రమనిషి వచ్చాడు. గుడ్డలో చుట్టిన పిల్ల చంకలో ఉంది. పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. వెనకాల ఒక ముసలమ్మ ఉంది.

"డొంబు," అన్నాడు గాసిరాం. ధరణి ముఖం చూడకుండా ఇంకో మాట అన్నాడు. "వారానికోపాలి నాను ఈల్లని ఎక్కించుకుని తిప్పుతాను మేడమ్. పిల్లకి నిద్ర పట్టదు. బండి మీదయితే పడతాది."

డొంబు ధరణి ముందున్న సంచి చూశాడు. "మార్సెత్తన్నారా?"

"మార్చాలి."

"మారిస్తే... ఇది పోద్దా?"

"పోతుంది."

అతను పిల్లను ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "ఆ రోజు నాను ఎనకాల పరిగెట్టేను. అందుకోనేకపోయేను. బండి మీద ఏటయిందో నాకు తెల్దు. ఈ బండెక్కినాకే తెలిసింది. జమున సివరిదాకా పిల్లని ఎలాగ ఎట్టుకుందో ఇదే సెప్పింది. రోడ్డు సంగతి కొత్తయి సూసుకుంటాయి, దీన్ని కూడా ఉంచడానికి అవదా?"

ధరణి అతన్ని బండి దగ్గరికి పిలిచింది. చక్రం ఎత్తి వదిలి టక్కుమనే చప్పుడు వినిపించింది. అతని చెయ్యి పట్టుకుని కింది కన్ను మీద పెట్టించింది. "ఈ వదులు రోజురోజుకీ పెరుగుతుంది. జమున చెయ్యి ఆగినచోటే, పెద్దబండ మలుపు దగ్గర, ఇది తనంతట తనే వదులైపోతోంది. ఇందాక నేను లోయలోకి పోవాల్సినదాన్ని. రేపు మీరు, పిల్ల ఎక్కినప్పుడు అయితే? అరిగినదాన్ని బాగుచెయ్యడం అవదు డొంబూ. మార్చడమే."

ముసలమ్మ కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "రాధకి నెలలు నిండినాయిరా. దాన్ని కూడా డోలీలో ఏసుకుని ఎల్తావా?" అంది. రాధ డొంబు పినతండ్రి కూతురు.

డొంబు చాలాసేపు ఆ ఇనప కన్ను మీంచి చెయ్యి తియ్యలేదు. "ఒక్కపాలి," అన్నాడు. "ఒక్కపాలి తిప్పండి. తరవాత మార్సీండి."

ధరణి వద్దని చెప్పాల్సింది. చెప్పలేకపోయింది. గాసిరాం చాలా నెమ్మదిగా నడిపాడు. మలుపుకు ఇవతలే ఆపి దిగి, బండిని చేత్తో పట్టుకుని నడిపించి దాటించాడు. తిరిగొచ్చేసరికి పిల్ల నిద్రపోయింది. డొంబు కళ్ళు ఎర్రగా ఉన్నాయిగానీ ఏడవలేదు. కుర్చీ మీంచి దిగుతూ, ఎవరినైనా సాగనంపేటప్పుడు గుమ్మంలో ఆగినట్టు, ఒక క్షణం ఆగాడు.

అప్పుడు ధరణి పని మొదలుపెట్టింది. బండి చట్రం కింద దన్ను పెట్టి వెనక చక్రం మీంచి బరువు తప్పించింది. షాక్ కింది బోల్టు తుప్పుపట్టి కదల్లేదు. నూనె పోసి, సుత్తితో చిన్నగా తట్టి, గాసిరాం ఒక పక్కా తను ఒక పక్కా తిప్పితే వచ్చింది. పై బోల్టు తేలిగ్గానే వచ్చింది. షాక్‌ను రెండు చేతుల్లోకి తీసుకున్నప్పుడు అది ఇంకా వెచ్చగా ఉంది. ఇప్పుడే తిరిగొచ్చిన బండి కదా, వెచ్చగానే ఉంటుంది. అయినా ఆమె దాన్ని బల్ల మీద పెట్టడానికి కొంచెం తటపటాయించింది.

ఫోన్ మోగింది. త్రివిక్రమరావు. ఆమె తియ్యలేదు.

చిరిగిన సీళ్ళు ఊడదీసింది. లోపలి గొట్టం లాంటి స్లీవు లాగింది. కన్నును బల్లకు బిగించిన వైస్ ఇనప దవడల మధ్య పెట్టి, ఒక వైపు చిన్న సాకెట్టు, ఇంకో వైపు పెద్ద సాకెట్టు ఆనించి మర తిప్పింది. బేరింగు కిర్రుమని కదిలింది. పాతది చెడకుండా రావాలని, దాన్నయినా దాచవచ్చునని ఆమె మరను కొంచెం కొంచెంగా తిప్పింది. సగం దాకా వచ్చి, ఒక్కసారిగా పగిలింది. లోపలి సన్నటి ఉక్కుపుల్లలు జలజలా నేల మీద రాలాయి. కొన్ని సగానికి అరిగి ఉన్నాయి. కొన్ని చేతిలోకి తీసుకుంటే ఎర్రటి పొడి అయిపోయాయి. పై కన్నులోది కూడా అంతే.

అందరూ నేల వైపు చూస్తూ నిలబడ్డారు. విశాఖకు పంపడానికీ ఏమీ లేదు, డొంబుకు ఇవ్వడానికీ ఏమీ లేదు.

"ఇందులోనా ఉండేది?" అన్నాడు డొంబు.

ధరణి ఖాళీ కళ్ళను గుడ్డతో శుభ్రంగా తుడిచింది. కొత్త బేరింగులకు నిండా గ్రీజు పెట్టి, వంకర పోకుండా వైస్‌తో కొంచెం కొంచెంగా లోపలికి దిగేసింది. కొత్త సీళ్ళు వేసి, షాక్ ఎక్కించి, బోల్టులు బిగించింది. చక్రం ఎత్తి వదిలింది. ఏ చప్పుడూ లేదు.

ఆమే నడిపి చూసింది. వాగు దాటాక బండి వెనకభాగం కిందికి దిగలేదు. గుంతలన్నీ నడుముకి తగిలాయి. కొత్త లోహానికి ఇంకా ఏ దారీ తెలియదు. పెద్దబండ మలుపులో చక్రం నేలను పట్టుకుని తిన్నగా తిరిగింది. ఇకనుంచి ఇది మామూలు మలుపు. ఆమెకు సంతోషం కలగాలి. బండి ఆపి, వెనక్కి చెయ్యి చాచి, కుర్చీ మీద ఆనించి చూసింది. చల్లటి రెక్సిన్ తప్ప ఏమీ లేదు. అప్పుడు ఏడ్చింది.

షెడ్డు దగ్గరికి వచ్చేసరికి పిల్ల లేచి ఏడుస్తోంది. డొంబు గుమ్మంలో కూచుని దాన్ని ఒళ్ళో వేసుకున్నాడు. బండి వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. తరవాత మొద్దుబారిన పెద్ద అరచెయ్యి పిల్ల వీపు మీద వేసి జోకొట్టడం మొదలుపెట్టాడు. రెండు మెత్తటి దెబ్బలు, కొంచెం ఎడం, ఒక దెబ్బ. గాసిరాం చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. ఎవరూ నేర్పకుండానే, ఎక్కిన ప్రతిసారీ ఆ లెక్క డొంబు ఒంట్లోకి ఎక్కింది.

పిల్ల ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. దెబ్బల మధ్య ఎడం పెరిగింది. అతని కళ్ళు దూరంగా ఎక్కడో ఉన్నాయి. ఒక దెబ్బ పడింది. చెయ్యి గాలిలో ఆగిపోయింది. పిల్ల కెవ్వుమంది.

అతను మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడికే వచ్చి చెయ్యి ఆగింది.

"అక్కడిదాకానే తెలుసు," అన్నాడు ఎవరితోనో చెబుతున్నట్టు.

ముసలమ్మ లేచి వచ్చి అతని ముందు కూచుంది. "ఆపకు" అంది. అతని మణికట్టు పట్టుకుని పిల్ల వీపు మీదికి దించింది. "జమున అక్కడ ఆగిపోయింది. నువ్వు ఆపకు."

ఒక దెబ్బ వేశాడు. ఇంకొకటి వేశాడు. వాటికి ఒక లెక్క లేదు, ఎగుడుదిగుడుగా పడుతున్నాయి. పిల్ల ఒకసారి కళ్ళు తెరిచి అతన్ని చూసి, మూసుకుంది. అతను ఆపలేదు. ఎండ గుమ్మం దాటి షెడ్డులోకి వచ్చేదాకా, పిల్ల ఎప్పుడో నిద్రపోయాక కూడా, ఆపలేదు.

తరవాతి వారం రాధను అదే బండి మీద తెచ్చారు. దారంతా కుదుపులకి ఆమె గాసిరాంని తిట్టిపోసిందట. తల్లీ పిల్లా బాగున్నారు.

త్రివిక్రమరావు ధరణితో చాలాకాలం ముభావంగా ఉన్నారు. ఆమె దారిని గుర్తుపెట్టుకుని, మోసిన మనుషుల బరువును మాత్రం మరిచిపోయే లోహం కోసం వెతకడం మొదలుపెట్టింది. ఇంకా దొరకలేదు. ఈలోగా ఆ కొండల్లో, ఆ పక్క కొండల్లో తిరిగే బైకు అంబులెన్సుల బేరింగులు ఒక్కొక్కటిగా అరుగుతూనే ఉన్నాయి. మార్చే పని ఆమె ఎవరికీ అప్పగించదు. ముందు ఖాళీ బండిని తానే ఒంటరిగా ఆ దారిన నడుపుతుంది. చాలా బండ్లు మామూలుగానే కొండ దిగుతాయి. ఎక్కడో ఒకచోట, ఏ వంతెన దాటాకో, వెనక మెత్తగా బరువు దిగుతుంది. అప్పుడామె వెనక్కి తిరిగి చూడదు, వేగం పెంచదు. ఆ మనిషిని ఆస్పత్రి మెట్ల దాకా తీసుకొచ్చి, దిగడానికి కావలసినంతసేపు బండి పట్టుకుని నిలబడి, అప్పుడు పనిముట్ల సంచి తెరుస్తుంది.